షోలాపూర్ ఎండలలో బుట్టమిరప సాగు

షోలాపూర్ తూర్పు భాగంలో, సాఖర్ పేఠ్, కన్నా చౌక్, అశోక్ చౌక్ ప్రాంతాలలో, తెలంగాణ నుండి తరలివచ్చిన పద్మశాలి కుటుంబాలు తరతరాలుగా మగ్గాన్నే నమ్ముకొని జీవిస్తున్నాయి. దుప్పట్లకు, తువాళ్ళకు గిరాకీ తగ్గినప్పుడు ఊరి వెలుపల కొంత నేల కౌలుకు తీసుకొని, ఇక్కడి బజారులో ‘ఢోబళీ మిర్చీ’గా అమ్ముడయ్యే బుట్టమిరప వేద్దామన్న ఆలోచన కలగడం సహజం. అయితే ఈ పంటలో పెట్టుబడి ముందు, రాబడి తరువాత. కనుక దాని స్వభావం తెలిసి దిగడం మేలు.

బుట్టమిరపకు పగలు 21 నుండి 28 డిగ్రీల వేడి అనుకూలం. 35 డిగ్రీలు దాటితే పూత నిలువదు. షోలాపూర్ వేసవిలో ఎండ 40 డిగ్రీలు మించుతుంది. నీడవల కప్పినా ఆ తీవ్రత కొంత తగ్గుతుందే తప్ప పోదు. అందువలన జూలై చివర నారు పోసి, సుమారు 35 రోజుల మొక్కలను సెప్టెంబరు తొలి రోజులలో నాటుకోవాలి. అప్పుడు పూత, పిందె చల్లని నెలలలో వస్తాయి. నాటిన 60-70 రోజులకు ఆకుపచ్చ కాయ కోతకు వస్తుంది. ఎరుపు, పసుపు రంగు తిరగాలంటే మరి రెండు మూడు వారాలు ఆగాలి. అన్నాళ్ళు కాయ చెట్టుమీదే ఉంటే తరువాతి పిందెలు తగ్గుతాయి. కొత్తవారు ఆకుపచ్చ కాయతో తృప్తిపడడమే మంచిదని నా అభిప్రాయం.

నల్లరేగడిలో నీరు నిలిస్తే వేరు కుళ్ళుతుంది. ఎత్తైన బోదెలు, బిందుసేద్యం తప్పనిసరి. కార్ఖానా పని ముగిశాక, వీలైన నాడు మాత్రమే పొలానికి వెళ్ళి ఒక్కసారిగా నీరు పెట్టేవారికి మరో చిక్కు ఉంది. నేల ఒకసారి ఎండి, ఒకసారి తడిస్తే మొక్కకు సున్నపు పోషకం సరిగా అందక కాయ అడుగుభాగం నల్లబడి కుళ్ళుతుంది. దీనిని తెగులనుకొని మందు కొట్టడం వృథా. ప్రతిదినం కొద్దికొద్దిగా నీరందించే మనిషి ఇంట్లో ఉన్నాడా అన్నది ముందే తేల్చుకోవాలి.

ఆకు ముడతను కూడా పరిశీలించి చూడాలి. అంచులు పైకి ముడిస్తే తామర పురుగు, కిందికి ముడిస్తే నల్లి. నల్లికి మామూలు పురుగుమందు పనిచేయదు, నల్లి మందే కావాలి. ఈ తేడా తెలియక అంగడివాడిచ్చిన డబ్బాలన్నీ చల్లితే కాయ అమ్మిన సొమ్ము మందులకే సరిపోతుంది.

ఎకరానికి సుమారు 10-12 వేల మొక్కలు పడతాయి. మొదటి ఏడు పది గుంటలు, అంటే మూడు వేల మొక్కలలోపు, చాలు.