పైన పొడి, లోపల తడి

చెరకు తూకంలో పది కిలోలు తగ్గిస్తే చోడవరం రైతు ఊరుకుంటాడా? కాటా దగ్గరే నిలదీస్తాడు. మరి అదే రైతు కొడుకు డిగ్రీ పరీక్షలో చిట్టీ పెట్టి రాస్తే దాన్ని మోసమని అంటామా? 'అందరూ రాస్తున్నారు కదా' అని సర్దుకుపోతాం. చోడవరం 2022లో విశాఖ జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాకు మారింది గానీ, మన ఈ అలవాటు మారలేదు.

పరీక్షల్లో అక్రమాలను అరికట్టేందుకు 1997లోనే మన రాష్ట్రం ప్రత్యేక చట్టం చేసింది. అయినా 2022లో పదో తరగతి ప్రశ్నపత్రాలు బయటికి పొక్కాయి. చట్టం పరీక్ష గదికి కాపలా కాయగలదు. మనసుకు ఎవరు కాపలా?

కాపీ కొట్టడం కొందరికి పుట్టుకతో వచ్చే గుణమా? అనేక పరిశోధనలను కలిపి చూసిన ఒక సమీక్ష 2015లో వెలువడింది. పనిలో శ్రద్ధ, క్రమశిక్షణ ఉన్నవారు, తోటివారితో మంచిగా మెలిగేవారు కాపీకి తక్కువగా పాల్పడతారని అది తేల్చింది. అయితే స్వభావమే తలరాత కాదు. 1920లలో అమెరికాలో హార్ట్‌షోర్న్, మే అనే పండితులు వేలాది పిల్లలను పరీక్షించారు. ఒకచోట నిజాయితీగా ఉన్న పిల్లవాడే మరోచోట మోసం చేయడం వారు గమనించారు. అంటే స్వభావంతో పాటు సందర్భం, చుట్టూ ఉన్న మనుషులూ లెక్కలోకి వస్తారన్నమాట. ఆ మనుషులం మనమే.

దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూశారు. పైన పొడి, లోపల తడి. వానకు తడిసిందని వర్తకుడు చెప్పాడు. అలాగైతే తడి గింజలను జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన అడిగారు. మోసగించేవాడు తమవాడు కాడని హెచ్చరించారు.

కాపీ కొట్టి తెచ్చిన మార్కుల జాబితా కూడా అలాంటి రాశే. రేపు మన పిల్లలకు పాఠం చెప్పే మాస్టారు, మన తల్లికి సూది వేసే నర్సు ఆ రాశి నుంచే వస్తే నష్టం ఎవరికి?

పరీక్ష రాసి వచ్చిన బిడ్డను 'ఎన్ని మార్కులొస్తాయి?' అనే అడుగుతున్నాం. 'నీకు వచ్చిందే రాశావా?' అని కూడా అడుగుదాం. ఒక సబ్జెక్టు తప్పానని నిజం చెప్పిన బిడ్డను తిట్టకుండా, మళ్లీ చదివిద్దాం. చెరకు కాటా దగ్గర మనం కోరే న్యాయం మన ఇంట్లోనే మొదలుకావాలి.