గుడి వీధులే మీ ప్రాజెక్టు!

బీటెక్ చివరి ఏడాదిలో నేను ప్రాజెక్టు కొనుక్కున్నాను. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోయాను. ఇప్పుడైతే భద్రాచలం గుడి చుట్టూ ఉన్న పాత వీధుల్నే ప్రాజెక్టుగా తీసుకుంటాను.

ఎందుకంటారా? రామాలయం గుట్ట మీద ఉంది. కింద ఇళ్లు, దుకాణాలు, సత్రాలు. పక్కనే గోదావరి, మధ్యలో కరకట్ట. 2014లో చుట్టుపక్కల గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. ఊరు పెరగడానికి చోటు తగ్గింది.

ఇక్కడ 43 అడుగులకు మొదటి, 48కి రెండో, 53కి మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. నది 1986లో 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది.

కట్ట నదిని ఆపుతుంది, సరే. మరి ఊళ్లో కురిసిన వాన ఎటు పోవాలి? మామూలుగా స్లూయిజుల గుండా నదిలోకి పోతుంది. వరదొస్తే నీళ్లు వెనక్కి తన్నకుండా వాటిని మూసేస్తారు. ఇక మోటార్లతో తోడాల్సిందే. ఏ వీధి ముందు మునుగుతుందో చాలావరకు నేల వాలే చెబుతుంది.

ఈ లెక్క మీరూ వేయొచ్చు. క్యూజీఐఎస్ ఉచితం. ఇస్రో 'భువన్'లో నేల ఎత్తుల డేటా, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో వీధులు దొరుకుతాయి. కానీ ఈ డేటా గల్లీలోని రెండడుగుల తేడా పట్టలేదు. అందుకే కాలినడకన తిరగండి. 'నీళ్లు మీ గడప దాకా ఎప్పుడొచ్చాయి?' అని పెద్దవాళ్లను అడిగి, మ్యాప్ దిద్దండి.

జీఐఎస్, టౌన్ ప్లానింగ్, విపత్తు నిర్వహణ ఉద్యోగాలకు వెళ్లేటప్పుడు ఆ మ్యాప్ పట్టుకెళ్లండి. రెండో ప్రశ్నకే కాదు, పదో ప్రశ్నకూ జవాబు మీ దగ్గరుంటుంది.