ఊరికే ఇచ్చే మందు పనిచేస్తుందా?



బిచ్కుందలో మేము నడిపిన చర్మవ్యాధుల శిబిరానికి ఒక అమ్మ వచ్చింది. యాభై ఏళ్ల వయసుంటుంది. ఆమె సరేనన్నందువల్లే ఈ సంగతి వ్రాస్తున్నాము. పేరు, ఊరు మాత్రం వ్రాయడం లేదు. ముంజేతి మీద అరచేయంత రాగిరంగు మచ్చ. కళ్లు మూసుకోమని చెప్పి బాల్‌పెన్ను మొనతో ఆ మచ్చను తాకాము. తాకినట్టే ఆమెకు తెలియలేదు. మోచేతి వెనుక నరం తాడులాగా లావెక్కి ఉంది. చిటికెన వ్రేలు, దాని ప్రక్క వ్రేలు లోపలికి ముడుచుకుపోయాయి. జొన్నరొట్టెలు చేస్తూ పెనం తగిలి వ్రేళ్లు కాలినా నొప్పి లేదనీ, వాసన వచ్చాకే చూసుకున్నాననీ చెప్పింది.

మచ్చ వచ్చి మూడేళ్లయింది. ఆ మూడేళ్లూ ఆమె చేతులు ముడుచుకొని కూర్చోలేదు. ప్రతి శుక్రవారం ఉపవాసముంది. మెదకు గుడికి నడిచి వస్తానని మ్రొక్కుకొని ఆ మ్రొక్కు తీర్చుకుంది. చెవి కమ్మలు అమ్మి, స్వస్థత ప్రార్థన చేస్తానని ఎక్కడినుండో వచ్చిన ఒకరికి కానుక ఇచ్చింది. ఆయన పేరు మేము అడగలేదు. “నేనేం పాపం జేసిన్ననో అయ్యగారూ, ఎంత జేసినా దేవునికి దయ రాలె” అని ఏడ్చింది.

ఇది కుష్టువ్యాధి అనీ, దీనికి మందు ఉందనీ, వాడితే తగ్గుతుందనీ చెప్పాము. ఆమె కొంగుముడి విప్పి, మడతలు పడిన నోట్లు బల్ల మీద పెట్టింది. పైసలు అక్కరలేదమ్మా, ఈ మందు ప్రభుత్వం ఊరికే ఇస్తుంది అన్నాము. ఆమె సంతోషిస్తుందనుకున్నాము గానీ ఆమె ముఖంలో కనబడినది అనుమానం. “ఊకెనే ఇచ్చే మందు పని జేస్తదా?” అని అడిగింది.

ఈ మాట మమ్మల్ని చాలా రోజులు వదలలేదు. ఎందుకంటే, మన సంఘాలలో రక్షణను గురించి లోలోపల ఉన్న సందేహం కూడా ఇదే. దేవుడు పాపక్షమాపణను ఉచితంగా ఇస్తాడని ప్రతి ఆదివారం వింటాము, ఆమేన్ అంటాము. ఇంటికి వెళ్లి మళ్లీ లెక్క మొదలుపెడతాము: ఎన్ని ఉపవాసాలు చేశాము, కానుక ఎంత వేశాము, ఎన్ని ఆదివారాలు గుడి మానాము? జ్వరం వస్తే ఫలానా తప్పుకు శిక్ష అనుకుంటాము. జ్వరం తగ్గితే ఫలానా మ్రొక్కుకు ఫలం అనుకుంటాము. అపొస్తలుడైన పౌలు ఎఫెసీ సంఘానికి వ్రాసిన పత్రికలో 2వ అధ్యాయం 8, 9 వచనాలు తీసి చదవండి. రక్షణ మన సంపాదన కాదు, దేవుడు చేతిలో పెట్టిన బహుమానం. అందుచేత ఎవరూ తన గొప్ప చెప్పుకొనే వీలు లేదు అన్నది అక్కడి సారాంశం. ఆ పత్రిక చదివినవారే మన అమ్మను చూసి ‘ఏదో పాపం చేసి ఉంటుంది’ అనుకుంటే, చదివి ఏమి లాభం?

ముందు ఆ పాపం సంగతి తేల్చుకుందాము. మన వైపు కుష్టును పెద్దరోగం అంటారు. దెగ్లూరు వైపునుండి వచ్చే మరాఠీవారు మహారోగం అంటారు. పేరులోనే సగం భయం ఉంది. 1873లో నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ ఈ వ్యాధికి కారణమైన సూక్ష్మక్రిమిని కనిపెట్టాడు. క్షయ ఎలా క్రిమివల్ల వస్తుందో ఇదీ అంతే. క్రిమి ప్రవేశించినా చాలామందిలో సహజంగా ఉన్న నిరోధకశక్తి దానిని అణచివేస్తుంది. కొద్దిమందికే వ్యాధి వస్తుంది. వచ్చినవారి గుణం చెడ్డదని కాదు. యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టు గ్రుడ్డివానిని చూసి, ఎవరి పాపంవల్ల ఇలా అయిందని శిష్యులు యేసును అడిగారు. వాని పాపమూ కాదు, తల్లిదండ్రుల పాపమూ కాదు అని ప్రభువు తేల్చి చెప్పాడు. ఆయన వద్దన్న లెక్కను మనం ఇంకా పట్టుకొని కూర్చున్నాము. చట్టం కూడా చాలాకాలం అలాగే ఉంది. భర్తకో భార్యకో కుష్టు ఉంటే విడాకులు కోరవచ్చుననే మాటను తీసివేయడానికి మన పార్లమెంటుకు 2019 దాకా పట్టింది.

నయమాను తెచ్చిన మూటలు

రాజుల రెండవ గ్రంథము 5వ అధ్యాయంలో నయమాను కథ మీకు తెలిసిందే. సిరియా సైన్యాధిపతి, కుష్టురోగి. బానిసగా తెచ్చుకున్న ఇశ్రాయేలు చిన్నదాని మాట విని ఎలీషా దగ్గరకు బయలుదేరాడు. వట్టి చేతులతో రాలేదు. పది మణుగుల వెండి, ఆరువేల బంగారు నాణెములు, పది దుస్తులు తెచ్చాడు. మన అమ్మ కొంగుముడి చిన్నది, ఆయన మూట పెద్దది. ఆలోచన మాత్రం ఒక్కటే.

ఎలీషా బయటకు కూడా రాలేదు. యొర్దానులో ఏడుసార్లు మునగమని కబురు పంపాడు. నయమానుకు కోపం వచ్చింది. మా దేశంలో ఇంతకంటె మంచి నదులు లేవా అన్నాడు. అక్కడ పనివారు చెప్పిన మాట ఎంతో తెలివైనది. ప్రవక్త మీకు కష్టమైన పని ఏదైనా చెబితే చేసేవారు కదా, ఇంత తేలికైనది చెబితే ఎందుకు చేయరు అని అడిగారు. మనకు కష్టమైనది కావాలి. నడిచి వెళ్లే మ్రొక్కు చెబితే నమ్ముతాము. ఊరికే తీసుకోమంటే నమ్మబుద్ధి కాదు. ఊరికే తీసుకోవాలంటే మన దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదని ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోలే కష్టం.

నయమాను బాగయ్యాక కానుక తీసుకోమని బ్రతిమాలినా ఎలీషా తీసుకోలేదు. ఆయన సేవకుడు గేహజీ మాత్రం వెనుక పరుగెత్తి, అబద్ధం చెప్పి, రెండు మణుగుల వెండి పుచ్చుకున్నాడు. దేవుడు ఊరికే ఇచ్చినదానికి ధర కట్టినందుకు నయమాను కుష్టు అతనికి అంటుకుంది. చెవి కమ్మల డబ్బు పుచ్చుకొని ప్రార్థన చేసేవారు ఈ అధ్యాయం చివరిదాకా చదవాలని మా మనవి.

ఈ పోరాటం చదువురానివారిదే అనుకోకండి. మెథడిస్టు సంఘానికి మూలపురుషుడైన జాన్ వెస్లీ ఆక్స్‌ఫర్డు పండితుడు. బుధ, శుక్రవారాలు ఉపవాసముండేవాడు, జైళ్లకు వెళ్లి ఖైదీలను చూసేవాడు. 1735లో సువార్త సేవకని సముద్రం దాటి అమెరికాలోని జార్జియాకు వెళ్లాడు. ఇంత చేసినా మనశ్శాంతి లేక తిరిగివచ్చాడు. 1738 మే 24 సాయంకాలం లండనులో ఒక చిన్న కూడికలో, రోమా పత్రికకు లూథరు వ్రాసిన ముందుమాటను ఎవరో చదువుతుండగా విన్నాడు. క్రీస్తు తన పాపాలను సయితం తీసివేశాడని ఆ రాత్రి నమ్మకం కలిగిందని సాక్ష్యం చెప్పాడు. మంచిపనులు అంతటితో మానేశాడా? లేదు. 1746లో లండనులో పేదలకు ఊరికే మందులిచ్చే వైద్యశాల తెరిచాడు. 1747లో సామాన్యుల కోసం ఇంటివైద్యం పుస్తకం అచ్చువేశాడు. పనులు అవే, కాని ఇప్పుడు అవి దేవునికి కట్టే కిస్తీలు కావు.

ఆ వెస్లీ సంఘంవారే మన జిల్లాకు వచ్చారు. బిచ్కుంద నుండి బాన్సువాడ మీదుగా నిజామాబాదు చేరి, హైదరాబాదు దారి పడితే డిచ్‌పల్లి వస్తుంది. నేడు తెలంగాణ విశ్వవిద్యాలయం ఉన్న ఊరు. స్కాట్లాండుకు చెందిన డాక్టరు ఇసబెల్ కెర్, ఆమె భర్త రెవరెండు జార్జి కెర్ 1907లో ఈ దేశానికి వచ్చారు. 1911లో నిజామాబాదులో కుష్టురోగులకు చిన్న ఆశ్రయం ఏర్పరచారు. చోటు చాలలేదు. అప్పుడు ధనసహాయం చేసినవారు రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత. 1915లో డిచ్‌పల్లిలో ఆసుపత్రి వెలిసింది. కృపను గురించి ప్రసంగించే సంఘానికి ఆ కట్టడమే సంఘం బయటి మనిషి చేతినుండి వచ్చింది. ఇది మనం మరచిపోకూడదు.

అప్పట్లో ఉన్న మందు హిడ్నోకార్పస్ గింజల నూనె. దానిని సూదితో ఎక్కించేవారు, నొప్పి భరించరానిది. ఇసబెల్ అమ్మగారు 1932లో చనిపోయేనాటికి నమ్మకమైన మందు ఇంకా రాలేదు. 1940లలో డాప్సోన్ వచ్చింది. 1981లో ప్రపంచ ఆరోగ్యసంస్థ రెండుమూడు మందులు కలిపి ఇచ్చే ఎం.డి.టి. చికిత్సను సిఫారసు చేసింది. నేడు అది ప్రభుత్వ దవాఖానలలో ఒక్క పైసా లేకుండా దొరుకుతుంది. రోగికి ఊరికే. కాని అది ఊరికే పుట్టలేదు. ఎవరో పరిశోధన చేశారు, ఎవరో సూదుల నొప్పి ఓర్చారు, ఎవరో వెల చెల్లించారు. సిలువను గురించి చెప్పేటప్పుడు మాకు ఈ పోలిక గుర్తుకొస్తుంది.

మరి మాత్రలు మింగడం క్రియ కాదా?

ఈ ప్రశ్న ఒక యౌవనస్థుడు మమ్మల్ని అడిగాడు, మంచి ప్రశ్న. మాత్ర మింగినవాడు మందుకు ధర చెల్లించినట్టు కాదు. ఆకలిగొన్నవాడు అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే, అన్నం నేనే సంపాదించానని అనడు కదా. విశ్వాసమంటే చాచిన చేయి. చేయి బలంగా ఉందా, వణుకుతోందా అన్నది కాదు, ఇచ్చేవాడు ఎవరన్నదే ముఖ్యం. దీనిని మరచి, ‘నీకు విశ్వాసం చాలలేదు, అందుకే తగ్గలేదు’ అని రోగుల మంచం దగ్గర నిలబడి చెప్పేవారున్నారు. అలా చెప్పి విశ్వాసాన్నే మరొక మ్రొక్కుబడిగా మార్చేస్తున్నారు. దయచేసి మా వార్డులలో ఆ మాట అనకండి. మందులు మానేస్తేనే విశ్వాసం అని చెప్పేవారి మాట వినకండి. సగంలో మానేస్తే క్రిమి మళ్లీ లేస్తుంది, నరాలు ఇంకా దెబ్బతింటాయి.

ఇంకొక మాట దాచకుండా చెప్పాలి. మందు క్రిమిని చంపుతుంది. కాని చాలాకాలం క్రితం చచ్చిన నరాన్ని తిరిగి లేపదు. ప్రభువును పూర్తిగా నమ్మినవారిలో కూడా ముడుచుకున్న వ్రేళ్లు అలాగే ఉండవచ్చు. రక్షణ, శరీర స్వస్థత రెండూ ఒకటే అని చెబితే ఆ వ్రేళ్లను చూసుకున్న ప్రతిసారీ వారు తమ రక్షణను అనుమానిస్తారు. అందుకే మచ్చ కనబడగానే రండి. లేతరంగు లేదా ఎర్రటి మచ్చ, తాకితే తెలియకపోవడం, చేతికాళ్లలో తిమ్మిరి, పట్టు తప్పడం – ఇవి చాలు. 2005 డిసెంబరునాటికి మన దేశంలో ఈ వ్యాధి పదివేలమందికి ఒకరికంటె తక్కువకు తగ్గింది గాని పోలేదు. నేటికీ ఏటా సుమారు లక్షమంది కొత్తగా బయటపడుతున్నారు. మొదటి మోతాదుతోనే ఇతరులకు అంటించే శక్తి చాలావరకు పోతుంది. ఇంట్లో వేరే పళ్లెం, వేరే చాప అక్కరలేదు. మూత్రం ఎర్రగా వస్తే, చర్మం నల్లబడితే భయపడవద్దు; అవి మందు గుణాలు, తరువాత సర్దుకుంటాయి.

మన అమ్మకు పన్నెండు నెలల చికిత్స పడింది. ఇరవై ఎనిమిది రోజులకు ఒక అట్ట. మొదటి రోజు మాత్రలు మా ఎదుటే మింగింది, ఇంకా అనుమానంగానే. నాలుగవ నెలలో ముఖం నల్లబడిందని మానేయబోతే, సిస్టరు ఇంటికి వెళ్లి మాట్లాడి వచ్చింది. అప్పటినుండి ఒక్క అట్టా తప్పలేదు. శుక్రవారం ఉపవాసం మానలేదు. ఎందుకమ్మా అని అడిగితే, “గప్పుడు భయంతోటి ఉన్న. ఇప్పుడు నా ఇష్టంతోటి ఉంటున్న” అంది.

చివరి అట్ట అయిపోయిన రోజు ఒక సంచిలో శనగలు తెచ్చింది. ఇది మందు పైసలు కాదు అని ముందే చెప్పింది. ఎలీషా అయితే పుచ్చుకొనేవాడు కాదేమో. మేము పుచ్చుకున్నాము, సిస్టర్లు ఉడకబెట్టి వార్డంతా పంచారు. రెండు వ్రేళ్లు ఇంకా వంకరగానే ఉన్నాయి. రొట్టెలు కాల్చేటప్పుడు పట్టుకోవడానికి గుడ్డ చుట్టిన పట్టకారు వాడుతోంది.

ఆ రోజు ఆమె ఒక్కతే రాలేదు. వెంట పొరుగింటి కోడలు ఉంది, వీపు మీద మచ్చతో. ఆ పిల్ల కొంగు ముడి మీద చేయి వేయగానే మన అమ్మ ఆ చేయి పట్టుకొని ఆపింది. “తియ్యకు బిడ్డా, ఈడ పైసలు తీస్కోరు” అని, కూర్చోబెట్టి, తానే కళ్లు మూసుకోమని చెప్పింది.