ఆడ, మగ, పుస్తకం

ఆడపిల్ల ఇలా ఉండాలి, మగపిల్లాడు అలా ఉండాలి అన్న తీర్పు పిల్లలకు పెద్దల నోటి నుంచే కాదు, బొమ్మల పుస్తకాల నుంచీ అందుతుంది. ఆ సంగతిని లెక్కగట్టి చూపించినవారిలో అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త లెనోర్ వైట్జ్‌మన్ ఒకరు. అమెరికాలో పిల్లల బొమ్మల పుస్తకాలకిచ్చే కాల్డెకాట్ పురస్కారం అందుకున్నవాటినీ, తుది వరుసలో నిలిచినవాటినీ ఐదేళ్లవి తీసుకుని ఆమె బృందం పేజీ పేజీ తిరగేసింది. 1972లో అచ్చయిన ఆ పరిశీలనలో మగవారి బొమ్మలు 261, ఆడవారివి 23 అని తేలింది.

ఆ ఏడాదే షార్లెట్ జోలోటోవ్ రాసిన ‘విలియమ్స్ డాల్’ వచ్చింది. విలియం అనే పిల్లవాడికి ఎత్తుకుని ముద్దు చేయడానికి ఒక పాప బొమ్మ కావాలి. అన్న వెక్కిరిస్తాడు. తండ్రి బాస్కెట్‌బాల్ తెచ్చిస్తాడు, ఆ తర్వాత రైలు తెచ్చిస్తాడు. విలియం రెండింటితోనూ బాగా ఆడతాడు, బంతి ఆటలో చెయ్యి తిరుగుతుంది కూడా. అయినా బొమ్మ కావాలన్న కోరిక పోదు. చివరికి బామ్మ కొనిచ్చి, రేపు తండ్రి అయ్యాక బిడ్డను ఎత్తుకోవడం వీడికి తెలియాలి కదా అని కొడుకుకు నచ్చజెబుతుంది. ఇక్కడ రచయిత్రి చేసిన తెలివైన పని ఒకటుంది. ఆటలు రాక బొమ్మ పట్టుకున్నాడని పాఠకుడు తప్పించుకునే వీలు లేకుండా, విలియంను మంచి ఆటగాణ్ణి చేసింది.

1980లో వచ్చిన రాబర్ట్ మన్ష్ ‘ద పేపర్ బ్యాగ్ ప్రిన్సెస్’లో డ్రాగన్ కోటను తగలబెట్టి రాజకుమారుణ్ణి ఎత్తుకుపోతుంది. అతణ్ణి పెళ్లాడబోతున్న రాజకుమారి ఎలిజబెత్, బట్టలు కూడా కాలిపోవడంతో, ఒక కాగితపు సంచి తొడుక్కుని వెంటపడుతుంది. డ్రాగన్‌ను పొగిడి పొగిడి, దానిలో ఉన్న నిప్పంతా కక్కించి, లోకం చుట్టూ తిప్పించి, అది సొమ్మసిల్లాక రాజకుమారుడున్న గుహ తలుపు తీస్తుంది. అతగాడు ఆమె మసి ముఖం, చింపిరి జుట్టు చూసి, రాజకుమారిలా తయారై రమ్మంటాడు. పెళ్లి ఆగిపోతుంది. ఆడపిల్ల చేతికి కత్తి ఇచ్చి వీరుడి వేషం కట్టించే కథలకన్నా ఇది మేలైనది. ఎలిజబెత్ గెలుపు యుక్తిది, ఉపన్యాసం ఒక్క ముక్క కూడా లేదు.

స్ఫూర్తినిచ్చే స్త్రీల జీవితాలను గుదిగుచ్చడం మరో పద్ధతి. ఎలెనా ఫవిల్లి, ఫ్రాంచెస్కా కవాల్లో జనం దగ్గర చందాలు సేకరించి 2016లో తెచ్చిన ‘గుడ్ నైట్ స్టోరీస్ ఫర్ రెబెల్ గర్ల్స్’లో 100 మంది స్త్రీల కథలున్నాయి. కొత్త ఆలోచనగా దానికి పేరొచ్చింది గానీ, తెలుగులో భండారు అచ్చమాంబ ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ 1901 నాటిది. బడి మొహం చూడని అచ్చమాంబ, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని అక్షరాలు నేర్చుకుంది. ఆడవాళ్లు తెలివిలేనివాళ్లు, చదివిస్తే చెడిపోతారు అనేవారి నోరు మూయించడానికే ఆ చరిత్రలు పోగుచేశానని సూటిగా చెప్పుకుంది.

ఇలాంటి సంకలనాలకు ఒక లోటుంది. రాణులూ విదుషీమణులూ వస్తారు, అంట్లు తోముకునే ఇల్లాలు రాదు. ఆమె కోసం పెద్దల సాహిత్యంలోకి రావాలి. పి. సత్యవతి కథ ‘ఇల్లలకగానే’లో ఇల్లాలు ఇంటిని అద్దంలా ఉంచుకునే ధ్యాసలో పడి సొంత పేరు మరచిపోతుంది. చుట్టుపక్కల ఎవరికీ ఆ పేరుతో పని లేదు. వెతుక్కుంటూ పుట్టింటికి వెళ్తే, పాత స్నేహితురాలు ‘శారదా’ అని పిలిచినప్పుడు గాని అది దొరకదు. రంగనాయకమ్మ ‘స్వీట్ హోమ్’లో నవ్విస్తూ, ‘జానకి విముక్తి’లో వాదిస్తూ కాపురాన్ని బోనెక్కించింది. ఓల్గా ‘విముక్త’లో సీత శూర్పణఖను, అహల్యను, రేణుకను, ఊర్మిళను కలుసుకుని ఒక్కొక్కరి దగ్గర ఒక్కో పాఠం నేర్చుకుంటుంది. ఆ పుస్తకానికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది.

పెద్దలకు ఇంత సరుకున్నా, పిల్లల కోసం ఇదే సూటిదనంతో వచ్చిన తెలుగు పుస్తకాలు తక్కువే. హైదరాబాద్‌లోని అన్వేషి సంస్థ రూపొందించిన పిల్లల కథల వరుస ఆ కొరత కొంత తీర్చింది. అందులో గోగు శ్యామల కథానాయిక బాలమణి దళిత బాలిక, తాటకి అని ఊరు పెట్టిన పేరు. పొలంలో తన మీద చెయ్యి వేయబోయిన భూస్వామిని ఎదిరించి బయటపడుతుంది. కులాన్ని పక్కన పెట్టి ఆడపిల్ల భయాన్ని చెప్పలేమని ఆ కథ తేల్చేస్తుంది.

వయసును బట్టి పుస్తకం పని తీరు మారుతుంది. చిన్న పిల్లలకు కథ చాలు. పదీ పన్నెండేళ్లకు ప్రశ్నలు కావాలి. కమలా భసీన్ ఆడపిల్ల అంటే ఏమిటి, మగపిల్లాడంటే ఏమిటి అని అడుగుతూ రాసిన చిన్న పుస్తకం, ఒంట్లో ఉన్న తేడాలను పక్కకు తీసి, మిగతావి ఎవరు పెట్టారని నిలదీస్తుంది. పెద్దలకు వాదన కావాలి. నైజీరియా రచయిత్రి చిమమాండా ఎన్‌గోజి అడీచీ ‘డియర్ ఇజేవెలె’ (2017) కూతుర్ని పెంచడం గురించి స్నేహితురాలికి చేసిన 15 సూచనలు. తండ్రి బిడ్డను చూసుకుంటే అది తల్లికి చేసే సాయం కాదు, అతని పనే అన్నది వాటిలో ఒకటి.

చిక్కంతా ఈ పుస్తకాలు మగపిల్లల చేతికి చేరడంలో ఉంది. కానుకగా కొనేవాళ్లు ఆడపిల్లలకే కొంటారు, అంటే మారాల్సినవాళ్లను వదిలేసి పడుతున్నవాళ్లకే పాఠం చెబుతారు. దీనికి భిన్నంగా, అడీచీ రాసిన ‘వి షుడ్ ఆల్ బి ఫెమినిస్ట్స్’ను 2015లో స్వీడన్‌లో ఆడా మగా అని చూడకుండా 16 ఏళ్ల విద్యార్థులందరికీ పంచే ఏర్పాటు జరిగింది. అదే ఏడాది తెలంగాణలో, అన్వేషికి చెందిన పరిశోధకులు, రచయిత్రులు కలిసి ఇంజనీరింగ్ విద్యార్థుల కోసం తెలుగు, ఇంగ్లీషు రెండు భాషల్లోనూ ఉన్న ఒక పాఠ్యపుస్తకం తయారుచేశారు. తెలుగు అకాడమీ అచ్చువేసింది, హైదరాబాద్ జేఎన్‌టీయూ పాఠ్యక్రమంలోకి తీసుకుంది. లైంగిక వేధింపులు, భ్రూణహత్యలు, స్త్రీల చరిత్రతో పాటు ఇంటి చాకిరీకి అందులో ప్రత్యేకంగా ఒక పాఠం ఉంది. ‘మా అమ్మ ఏ పనీ చెయ్యదు’ అనే మామూలు మాటను పట్టుకుని, జీతం లేని ఆ పని ఎంతో, ఎవరి వాటా ఎంతో ఆ పాఠం విద్యార్థుల చేత లెక్క వేయిస్తుంది.