ఇంటిని చుట్టి చూపు చిత్రములు

పటాన్‌చెరు మొదలు సంగారెడ్డి వరకు, ముంబయి రహదారికి ఇరుప్రక్కల నేడు అపార్టుమెంట్లును, వెంచర్లును వరుసగా లేచుచున్నవి. కొనువారిలో అనేకులు ఇచ్చట నుండరు. కుమారుడు డల్లాసులోనో దుబాయిలోనో ఉండును, తండ్రి కరీంనగరులో ఉండును, ఇల్లు మాత్రము ఇస్నాపూరులో. అట్టివారి ఫోనుకు అమ్మకందారు ఒక లంకె పంపును. దానిని తాకినంతనే హాలు కనబడును. వ్రేలితో లాగినచో హాలంతయు మన చుట్టు తిరుగును, పైకి లాగినచో కప్పు, క్రిందికి లాగినచో నేల. వాకిలి వద్దనున్న గుర్తును తాకినచో వంటింటిలో నుందుము. దీనినే వర్చువల్ టూర్ అనుచున్నారు. బయానా ఇచ్చుటకు ముందు పలువురు చూచునది ఇదియొక్కటియే. కావున ఇది ఎట్లు తయారగునో, ఇందు దేనిని నమ్మవచ్చునో తెలిసికొనుట అవసరము.

చుట్టును చూపు చిత్రము క్రొత్త ఊహ కాదు. రాబర్టు బార్కరు అను చిత్రకారుడు 1787లో దీనికి పేటెంటు పొందెను. 1793లో లండనులోని లీస్టరు స్క్వేరున గుండ్రని భవనము కట్టించి, లోపలి గోడ పొడవున చిత్రము నిలిపి, చూపరులను నడుమ నిలువబెట్టెను. నేటి ఫోనులో జరుగుచున్నదియు అదియే. చూపరి నడుమ నుండును, చిత్రము చుట్టునుండును. భవనమునకు బదులు కంప్యూటరు లెక్కించిన బంతి యున్నది.

ఈ చిత్రమును తీయుటలో ముఖ్యమైన రహస్యమొకటి కలదు. శ్రోతలు ఇంటనే పరీక్షింపవచ్చును. ఒక కన్ను మూసి, బొటనవ్రేలిని ముఖమునకు జానెడు దూరమున నిలిపి, తలను కుడియెడమలకు త్రిప్పుడు. వ్రేలు వెనుకనున్న గోడగడియారమును ఒకసారి కప్పును, ఒకసారి విడుచును. తల మెడమీద తిరుగుచున్నది గాని కంటిమీద తిరుగుట లేదు గదా! కెమేరాయు నట్లే. దానిని ట్రైపాడ్‌కు బిగించు మర అడుగున నుండును; కిరణములు కలిసి దాటు స్థానము లెన్సులో, కొన్ని అంగుళములు ముందున నుండును. మరమీద త్రిప్పిన యెడల ప్రతి చిత్రములోను ద్వారబంధము వెనుకగోడతో పోల్చగా కొంచెము జరిగి, అతికించునప్పుడు విరిగినట్లు కనబడును. అందుచే నేర్పరులు కెమేరాను వెనుకకు జరుపగల ప్రత్యేకపు బద్దీపై నిలిపి, లెన్సులోని ఆ స్థానమే ఇరుసగునట్లు చేయుదురు. ఖాళీ ప్లాటులో సమీపవస్తువులు లేవు గనుక ఈ జాగ్రత్త అంతగా అక్కరలేదు. పదడుగుల పడకగదిలో మాత్రము ఇదియే ప్రాణము.

చేపకన్ను లెన్సుతో నలుదిక్కులకు నాలుగు చిత్రములు, కప్పునకు ఒకటి, నేలకు ఒకటి తీసిన సాధారణముగా చాలును. ప్రక్కప్రక్క చిత్రములు పావుభాగమైనను ఒకదానిపై నొకటి పడవలెను. ఆ ఉమ్మడిభాగములోని గుర్తులను పట్టియే కంప్యూటరు వానిని అతుకును. అన్నింటికి వెలుగుకొలత, రంగుకొలత, ఫోకసు ఒక్కటియే ఉండవలెను. ఇచ్చట వచ్చు చిక్కు కిటికీ. మధ్యాహ్నపు టెండ లోపలి వెలుగుకన్న ఎన్నో రెట్లు హెచ్చు గనుక, గది సరిగా వచ్చిన కిటికీ తెల్లని కాగితమగును, కిటికీ సరిగా వచ్చిన గది గుహయగును. అందుచే ప్రతి దిక్కునకు మూడో అయిదో వెలుగుకొలతలలో తీసి కలుపుదురు. ఫ్యాను తిరుగుచున్న రెక్కలు చెదరును, అద్దములో కెమేరాయే కనబడును. ట్రైపాడ్ మట్టముగా లేనిచో గోడలు ఒక ప్రక్కకు ఒరిగిపోవును. 2013లో రికో సంస్థ తీటా అను కెమేరాను తెచ్చిన పిదప, వెన్నువెన్ను కలిసిన రెండు లెన్సులతో ఒక్క నొక్కులో పని ముగించు సాధనములు వచ్చినవి. పని సుళువే గాని, అతుకు పడుచోట సమీపవస్తువులు విరుగుచుండును, కిటికీలు తెల్లబోవుచుండును.

అతికిన చిత్రము పొడవు వెడల్పునకు రెండింతలుండును, భూగోళమును పరచిన పటమువలె. పటములో గ్రీన్లాండు సాగినట్లే ఇందు కప్పును, నేలయు సాగును. మరల బంతి లోపల అంటించినప్పుడు అవి సరియగును. ఎనిమిదివేల చుక్కల పొడవుగల చిత్రమున ఒక్కొక్క డిగ్రీకి ఇరువదిరెండు చుక్కలు మాత్రమే వచ్చును. గోడలో సన్నని పగులు ఇందు కనబడునని ఆశింపరాదు.

మోసము లేకయే మోసపుచ్చు గుణము ఒకటి దీనికి కలదు. తెరపై విశాలమగు కోణమున చూపినప్పుడు గది పెద్దదిగా తోచును, కెమేరాను క్రిందుగా నిలిపిన కప్పు ఎత్తుగా తోచును. దీనికి విరుగుడు కనులలో లేదు, లెక్కలో నున్నది. నేలపై పలకలను లెక్కింపుడు. రెండడుగుల పలకలేనా యని అడిగి తెలిసికొని, అయిదు పలకలైన పదడుగులని గ్రహింపుడు. ఈ ఉపాయము ఎంతటి మెరుగైన చిత్రమునకైనను పనిచేయును.

ఇక కట్టని ఇంటి సంగతి. కెమేరా చూచిన ఇల్లు వేరు, కంప్యూటరు గీచిన ఇల్లు వేరు. తెరపై రెండును ఒకే తీరున తిరుగును. కావున ఇది ఫోటోయా, గీచినదా యని మొదట అడుగవలెను. 2016 నాటి రియల్ ఎస్టేటు చట్టము ప్రకారము, ఐదువందల చదరపు మీటర్లకు, ఎనిమిది ఫ్లాట్లకు లోబడిన చిన్న ప్రాజెక్టులు తప్ప, తక్కినవి రిజిస్ట్రేషను లేనిదే ప్రకటింపరాదు. ప్రకటననో నమూనా ఇంటినో నమ్మి డబ్బిచ్చినవారు అందలి అసత్యమువలన నష్టపడినచో పరిహారము కోరవచ్చును. వెనుదీయదలచిన యెడల సొమ్మంతయు వడ్డీతో తిరిగి కోరవచ్చును. ఏ మాధ్యమమున వచ్చినను ప్రకటన ప్రకటనయేయని చట్టము చెప్పుచున్నది గనుక తిరుగుడు చిత్రమును ఇందు చేరునని మా అభిప్రాయము. లంకె రేపు మాయము కావచ్చును. చూచినది చూచినట్లు తేదీతో సహా ఫోనులో రికార్డు చేసి దాచుకొనుట మేలు. విస్తీర్ణము మాత్రము కార్పెట్ ఏరియాలో చెప్పించుకొనవలెను.

మఱియొక లోపమును ఏ లెన్సును తీర్చజాలదు. కెమేరాకు ముక్కు లేదు. పాశమైలారము, బొల్లారము, గడ్డపోతారము పరిసరములలో రసాయన, ఔషధ కర్మాగారములున్నవి. వాని వ్యర్థజలములచే నక్కవాగు చెడి, ఆ వ్యాజ్యము సుప్రీంకోర్టు వరకు పోయిన చరిత్ర ఈ ప్రాంతమునకున్నది. రాత్రి గాలి ఏ వైపునుండి వీచునో, బోరు నీరు ఏ రంగుననుండునో, లారీల రొద ఎన్ని గంటలకు మొదలగునో పగటివేళ తీసిన చిత్రము చెప్పదు. దూరముననున్నవారు ఊరిలోని బంధువునొకరిని రాత్రి పదిగంటల తరువాత ఒకసారి, వాన కురిసిన మరునాడు ఒకసారి అచ్చటకు పంపి, ప్రక్కయింటివారి బోరునుండి సీసాడు నీరు తెప్పించి పరీక్షకు పంపవలెను.