తలుపు తట్టడమూ ఓ పాఠమే!

'అన్నం తింటావా... పోలీసుకు పట్టించనా?'

ముద్ద మింగని పిల్లల మీద మన ఇళ్లలో ప్రయోగించే ఆఖరి అస్త్రం ఇది. పిల్లాడు గబుక్కున నోరు తెరుస్తాడు. అమ్మ పని అయిపోతుంది. కానీ ఆ ముద్దతోపాటు ఓ భయం కూడా లోపలికి దిగిపోతుంది. వాడు పెరిగి పెద్దవాడయ్యాక బండి పోయినా, పక్కింట్లో ఆడమనిషి ఏడుపు వినిపించినా స్టేషన్ మెట్లెక్కడానికి వందసార్లు ఆలోచిస్తాడు. చివరికి 'మనకెందుకొచ్చిన గొడవ' అని తలుపేసుకుంటాడు.

ఇప్పుడు తలుపు అవతలి నుంచి చూద్దాం. ఇరవై రెండేళ్ల కుర్రాడు. కొత్తగా కానిస్టేబుల్ ఉద్యోగం వచ్చింది. తొమ్మిది నెలలు శిక్షణ. తెల్లారకముందే లేచి పరుగు తీశాడు. 'సావధాన్' అంటే నిటారుగా నిలబడ్డాడు, 'విశ్రామ్' అంటే కాళ్లు సడలించాడు. తుపాకీ విప్పి బిగించడం నేర్చాడు, చట్టంలోని సెక్షన్లు బట్టీ పట్టాడు. తల్లిదండ్రుల కళ్లెదుట పాసింగ్ ఔట్ పరేడ్‌లో ఠీవిగా నడిచాడు. అలాంటి కుర్రాణ్ని ఓ పేటలో వదిలి 'ఇక్కడివాళ్లతో స్నేహంగా ఉండు' అంటే ఏం చేస్తాడు? మొదటి గుమ్మం దగ్గరే అడుగు ఆగిపోతుంది. ఏమని పలకరించాలి? తలుపు తీసిన పెద్దావిడ ఖాకీని చూసి బెదిరిపోతే ఏం చెప్పాలి? మైదానంలో ఎన్ని చుట్లు పరిగెత్తినా రాని విద్య ఇది.

ప్రజలతో కలిసి నేరాల్ని ఆపే పద్ధతిని కమ్యూనిటీ పోలీసింగ్ అంటున్నారు. దానికి మైత్రి అనీ, జనమైత్రి అనీ ఎన్నో అందమైన పేర్లు పెట్టుకున్నాం. పేరు పెట్టడం తేలికే. స్నేహం మాత్రం ఆర్డరు వేస్తే రాదు. నేర్పాలి. నేర్చుకున్నదాన్ని వాడుకునే వీలూ ఇవ్వాలి.

ఆలోచించే పని నీది కాదు!

అసలు మన పోలీసుకీ ప్రజలకీ మధ్య ఇంత దూరం ఎందుకొచ్చింది? దీని వెనక పెద్ద కథే ఉంది.

1829లో రాబర్ట్ పీల్ లండన్ నగరానికి పోలీసు దళాన్ని ఏర్పాటుచేశాడు. జనం నమ్మకమే పోలీసు బలం అన్నది ఆ దళం పేరు చెప్పగానే గుర్తొచ్చే సూత్రం. వాళ్లకు నీలం రంగు దుస్తులిచ్చారు, సైనికుల్లా కనిపించకూడదని. అదే బ్రిటిష్ వాళ్లు మన దేశానికి వచ్చేసరికి లండన్ నమూనాను పక్కన పెట్టేశారు. 1843లో సింధ్‌లో చార్లెస్ నేపియర్ పెట్టిన దళానికి ఆదర్శం ఐరిష్ కాన్‌స్టేబ్యులరీ. అంటే ఆయుధాలు పట్టుకుని బ్యారక్‌లలో ఉంటూ పాలితులను అదుపులో పెట్టే దళం. 1857 తిరుగుబాటు తర్వాత వచ్చిన 1861 పోలీసు చట్టం కూడా ఆ దారిలోనే నడిచింది.

1902లో వేసిన పోలీసు కమిషన్ మరో అడుగు ముందుకేసింది. కానిస్టేబుల్‌కు కాపలా, ఎస్కార్టు, గస్తీ లాంటి యాంత్రికమైన పనులే అప్పగించాలంది. బుర్ర పెట్టాల్సిన పనులన్నీ పైవాళ్లవి. చెప్పింది చేయడమే అతడి పని!

స్వాతంత్ర్యం వచ్చిన మూడు దశాబ్దాలకు, 1977లో, జాతీయ పోలీసు కమిషన్‌ను నియమించారు. 1979 నాటి తొలి నివేదికలోనే ఆ కమిషన్ కానిస్టేబుల్ గురించి మాట్లాడింది. అతడు మరబొమ్మ కాదనీ, విచక్షణ ఉపయోగించి జనంతో వ్యవహరించగలిగేలా అతణ్ని తీర్చిదిద్దాలనీ చెప్పింది. పోలీసు దళంలో ఎక్కువమంది కానిస్టేబుళ్లూ హెడ్ కానిస్టేబుళ్లే. సామాన్యుడికి ఎదురయ్యేదీ వాళ్లే. వాళ్లు మారకుండా పోలీసు మారడం కుదరదు కదా!

గుమ్మం దాకా వచ్చే స్టేషన్

ఈ ఆలోచనను రాష్ట్రమంతా ఆచరణలో పెట్టడానికి పూనుకున్నది కేరళ. జస్టిస్ కె.టి.థామస్ నేతృత్వంలోని కమిషన్ చేసిన సిఫారసుల మేరకు 2008 మార్చిలో 'జనమైత్రి సురక్ష' మొదలైంది. ముందు 20 స్టేషన్లలో పెట్టి చూశారు. తర్వాత దశలవారీగా విస్తరించారు.

స్టేషన్ పరిధిని బీట్లుగా విడగొడతారు. ఒక్కో బీటులో సుమారు అయిదొందల ఇళ్లు. వాటి బాధ్యత ఒక బీట్ ఆఫీసరుది. అతడు ప్రతి ఇంటికీ వెళ్లాలి. కనీసం ఒక్కరితోనైనా ముఖపరిచయం ఉండాలి. ఏ ఇంట్లో వృద్ధులు ఒంటరిగా ఉంటున్నారు, ఏ సందులో వీధిదీపం వెలగడం లేదు, ఏ మలుపులో సాయంత్రాలు ఆడపిల్లలు నడవడానికి జంకుతున్నారు... ఇవన్నీ అతడికి తెలియాలి. స్థానికులతో ఓ సమితి కూడా ఉంటుంది. పార్టీల పదవుల్లో ఉన్నవారికీ, క్రిమినల్ కేసులున్నవారికీ అందులో చోటివ్వకూడదన్నది నియమం. లేకపోతే పేట పెత్తందార్లంతా పోలీసు పేరుతో కుర్చీలేసుకుని కూర్చుంటారు మరి!

ఇక్కడే శిక్షణ అసలు సంగతి బయటపడుతుంది. దొంగను పట్టుకోవడం నేర్పించిన మనిషికి దొంగతనం జరగకముందే ఓ ఇంటికి వెళ్లి టీ తాగుతూ మాట్లాడటం నేర్పాలి. మొదటిది వేగంతో జరిగే పని. రెండోదానికి కావలసింది ఓపిక.

నాటకంలో నేర్చే పాఠం

ఇలాంటి శిక్షణ పుస్తకాలతో రాదు. అందుకే తరగతి గదిలో పాత్రలు వేయిస్తారు. ఎలా ఉంటుందో ఓసారి ఊహించుకోండి.

ఒక శిక్షణార్థి మేక పోయిన ముసలమ్మ అవుతాడు. మరొకరు స్టేషన్ రైటరు.

'అయ్యా, నా మేక పోయింది...'

'పోతే మమ్మల్నేం చేయమంటావ్? కట్టేసుకోవద్దూ!'

గదిలో అందరూ నవ్వుతారు. మాస్టారు నవ్వరు. ముసలమ్మ పాత్ర వేసిన కుర్రాణ్నే అడుగుతారు, 'ఆ మాట వినగానే నీకేమనిపించింది?' అని. 'లేచి వెళ్లిపోవాలనిపించింది సార్' అంటాడు. ఇద్దరూ పాత్రలు మార్చుకుంటారు. మళ్లీ మొదలు.

'కూర్చో అవ్వా. ఎప్పటినుంచి కనబడట్లేదు? ఎవరిమీదన్నా అనుమానముందా?'

మేక దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. కానీ ఆ అవ్వ మళ్లీ స్టేషన్‌కి వస్తుంది. రేపు ఊళ్లో ఎవరో కొత్తవాళ్లు తిరుగుతుంటే తనే వచ్చి చెబుతుంది. పోలీసుకు కళ్లూ చెవులూ అలా దొరుకుతాయి. ఇన్‌ఫార్మరుకు డబ్బిచ్చినా దొరకని సమాచారం ఓ కుర్చీ వేస్తే దొరుకుతుంది.

ఏం అడగాలన్నదే కాదు, ఏం అడగకూడదన్నదీ నేర్పాలి. ఇంటింటికీ వెళ్లడమంటే ఇంటింటి మీదా నిఘా పెట్టడం కాదు. ఆ ఇంటి కులం, మతం, ఎవరికి ఓటేశారన్న ఆరా పోలీసుకు అనవసరం. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చిచెప్పింది. ఈ గీత దాటితే మైత్రి కాస్తా మళ్లీ భయంగా మారుతుంది.

మొదటి పోస్టింగు... వీధి మలుపు

శిక్షణనూ వీధినీ ఎలా కలపాలో తెలియాలంటే జపాన్ వైపు చూడాలి. అక్కడ వీధి మలుపుల్లో 'కోబన్' పేరుతో చిన్న చిన్న పోలీసు గదులుంటాయి. 1874లో టోక్యోలో మొదలైన పద్ధతి ఇది. దారి తెలియనివాళ్లు అక్కడ అడుగుతారు. గొడుగో పర్సో దొరికినవాళ్లు తెచ్చి అక్కడే ఇస్తారు. కోబన్ పోలీసులు తమ పరిధిలోని ఇళ్లకు వెళ్లి పలకరించి వస్తారు.

కొత్తగా చేరిన పోలీసుకు అక్కడ డిగ్రీ ఉంటే ఆరు నెలలు, హైస్కూలు చదువైతే పది నెలలు పోలీసు స్కూల్లో శిక్షణ. తర్వాత నేరుగా కోబన్‌కి పంపుతారు. అక్కడ ఓ సీనియర్ పక్కన ఉండి పని నేర్పుతారు. కొన్నాళ్లకు మళ్లీ స్కూలుకి పిలుస్తారు. వీధిలో ఎదురైన ఇబ్బందులన్నీ అప్పుడు పాఠాలవుతాయి. మన దగ్గర పరేడ్ అవగానే పాఠం అయిపోతుంది. వాళ్ల దగ్గర అప్పుడే సగం మొదలవుతుంది. సింగపూర్ కూడా 1983లో ఈ పద్ధతిని తనకు తగ్గట్టు మార్చుకుని ఆచరణలో పెట్టింది.

భివండీ ఎందుకు కాలిపోలేదు?

ఇదంతా వినడానికి బాగానే ఉంది, ఫలితం ఉంటుందా అంటే... ముంబయి పక్కనున్న భివండీని అడగాలి. మరమగ్గాల పట్టణం. మన తెలుగు నేత కార్మికులూ పొట్టచేత పట్టుకుని వెళ్లిన ఊరు. 1984లో మతకలహాలతో అట్టుడికిపోయింది. 1988లో అక్కడికి డిప్యూటీ కమిషనర్‌గా వచ్చిన సురేశ్ ఖోపడే మొహల్లా కమిటీలు పెట్టారు. హిందువులూ ముస్లింలూ ఒకే చాప మీద కూర్చుని పోలీసులతో మాట్లాడేవారు. నల్లా నీళ్ల తగాదా నుంచి ఊరేగింపు దారి దాకా అన్నీ అక్కడే తేలేవి. 1992 డిసెంబరులో, ఆ తర్వాతి జనవరిలో ముంబయి మంటల్లో చిక్కుకుంటే, అల్లర్లకు పెట్టింది పేరైన భివండీ ప్రశాంతంగా ఉండిపోయింది.

తిరుచిరాపల్లిలో 1999లో కమిషనర్‌గా వచ్చిన జె.కె.త్రిపాఠి కూడా కానిస్టేబుళ్లనే నమ్ముకున్నారు. పేటల్ని వాళ్లకు అప్పగించి, చిన్నాచితకా తగాదాలు అక్కడికక్కడే సర్దే చొరవ ఇచ్చారు. ఆలోచించొద్దని 1902లో చెప్పిన మనిషికి 'నువ్వే ఆలోచించు' అన్నారన్నమాట.

పేరు మంచిదైతే చాలదు

అదే తమిళనాడు మరో పాఠమూ నేర్పింది. 1993లో రామనాథపురంలో ప్రతీప్ ఫిలిప్ అనే ఎస్పీ 'ఫ్రెండ్స్ ఆఫ్ పోలీస్' ప్రారంభించారు. పోలీసులకు సాయపడే పౌరుల బృందం. రాష్ట్రమంతా పాకింది, మంచి పేరూ వచ్చింది. 2020 జూన్‌లో సాత్తాన్‌కుళంలో తండ్రీకొడుకులు పోలీసు కస్టడీలో హింసకు గురై చనిపోయారు. దేశం ఉలిక్కిపడింది. ఆ ఘటనలో ఈ బృందం పేరు చెప్పుకునే వాలంటీర్ల పాత్ర కూడా ఉందన్న ఆరోపణలు వచ్చాయి. వాళ్లు తమవాళ్లు కారని నిర్వాహకులు చెప్పారు. చివరికి జులైలో ప్రభుత్వం ఆ వ్యవస్థనే రద్దు చేసింది. ఇరవై ఏడేళ్లు కట్టిన ఇల్లు నెల తిరిగేలోపే కూలిపోయింది. స్నేహితుడి బ్యాడ్జీ ఎవరు పెట్టుకుంటున్నారు, వాళ్లకు ఏం నేర్పారు, వాళ్ల మీద అజమాయిషీ ఎవరిది... ఇవి చూసుకోకపోతే జరిగేది ఇదే.

బందోబస్తు పిలిస్తే బీటు ఖాళీ

మన దగ్గరా ప్రయత్నాలు జరిగాయి. ఉమ్మడి రాష్ట్రంలో మైత్రి కమిటీలు వచ్చాయి. 2014 అక్టోబరులో హైదరాబాద్‌లో షీ టీమ్స్ మొదలయ్యాయి. మఫ్టీలో ఉండి ఆకతాయిలను పట్టుకోవడమే కాదు, తల్లిదండ్రుల సమక్షంలో వాళ్లకు కౌన్సెలింగ్ ఇవ్వడమూ ఈ బృందాల పనిలో భాగమైంది. పట్టుకోవడం వచ్చినవాళ్లు కూర్చోబెట్టి మాట్లాడటమూ నేర్చుకోవాల్సి వచ్చిందన్నమాట.

అయితే అసలు చిక్కు వేరే ఉంది. 2022 జనవరి నాటి లెక్కల ప్రకారం దేశంలో లక్ష మందికి మంజూరైన పోలీసులు సుమారు 196 మంది, నిజంగా ఉన్నది 153 మందే. నాయకుల పర్యటన, జాతర, ఎన్నికలు... దేనికి మనుషులు కావాలన్నా ముందు ఖాళీ అయ్యేది బీటే. అయిదొందల ఇళ్ల పేర్లు గుర్తుపెట్టుకున్న కానిస్టేబుల్ మరో ఊరికి బదిలీ అయితే ఆ పరిచయాలు రిజిస్టరులో రాసి అప్పగించేవి కావు. కొత్తవాడు మళ్లీ మొదటి గుమ్మం దగ్గరే నిలబడాలి. ఎన్ని నేరాలు పట్టుకున్నావన్న లెక్క ఉంటుంది గానీ, జరగకుండా ఆపినవాటికి లెక్క ఏదీ? ఆ పనికి మెప్పు లేకపోతే నేర్చుకున్న పాఠం ఆర్నెల్లలో ఆవిరైపోతుంది.

కాబట్టి శిక్షణ అంటే అకాడమీలో నాలుగు రోజుల తరగతి కాదు. నేర్పడం, పేటలో కుదురుగా ఉండనివ్వడం, ఆ పనిని పనిగా గుర్తించడం... మూడూ కలిస్తేనే.

మరి మన వంతు? మన పేట బీటు కానిస్టేబుల్ పేరేమిటో స్టేషన్‌లో అడిగి తెలుసుకోవచ్చు. తలుపు తట్టినప్పుడు 'ఏమైంది?' అని కంగారుపడేముందు 'రండి, కూర్చోండి' అనొచ్చు. అడగకూడనిది అడిగితే మర్యాదగానే 'అది మీకెందుకండీ' అనొచ్చు. అతడికి నేర్పే గురువుల్లో మనమూ ఉన్నాం.

ఇంకోటి... ఈ రాత్రి బాబు ముద్ద మింగకపోతే చందమామనే పిలవండి. పోలీసుని పిలవాల్సిన అవసరం వాడికి ఎప్పుడైనా నిజంగానే రావచ్చు. ఆ రోజు భయం అడ్డు రాకూడదు కదా!