చిన్న ఇంజనుకు కొత్త కార్బురేటరు

హోసూరు చుట్టుపక్కల గులాబీ తోటలలోను, కోలారు ప్రాంతపు టమాటా పొలాలలోను మందు చల్లడానికి, కలుపు తీయడానికి, నీరు తోడడానికి చిన్న పెట్రోలు ఇంజన్లను వాడుతుంటారు. నెలల తరబడి మూలన పడి ఉన్న ఇంజను, తాడు ఎంత లాగినా ఒక్కొక్కసారి అంటుకోదు. ఇంజనే పోయిందని రైతు దిగులు పడతాడు. కాని చాలా సందర్భాలలో పాడయ్యేది ఇంజను కాదు, కార్బురేటరు.

ఇంజనులో మండేది పెట్రోలు ఒక్కటే కాదు. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 15 గ్రాముల గాలి కావాలి. ఈ పాళ్ళు కుదిర్చేదే కార్బురేటరు. దీని గొట్టం నడుమ సన్నగా ఉంటుంది. అక్కడ గాలి వేగం పెరిగి, పీడనం తగ్గుతుంది. అందువల్ల కింది గిన్నెలోని పెట్రోలు 'జెట్టు' అనే సన్నని రంధ్రం గుండా పైకి వచ్చి, తుంపరలై గాలిలో కలుస్తుంది. జర్మనీ దేశస్థుడు విల్‌హెల్మ్ మేబాక్ 1893లో ఇటువంటి తుంపర కార్బురేటరును రూపొందించాడు. నిలవ ఉన్న పెట్రోలు జిగురుగా మారి ఈ జెట్టును మూసివేస్తుంది.

మొదట కార్బురేటరును విప్పి శుభ్రం చేసి చూడాలి. లోపల తుప్పు తిన్నా, త్రాటిల్ కడ్డీ అరిగి వదులైనా కొత్తది బిగించక తప్పదు.

ఈ పనిని ఇంజను చల్లారాక, పెద్దవారి సమక్షంలో, నిప్పుకు దూరంగా ఆరుబయట చేయాలి. ప్లగ్గు తొడుగు తీసి, పెట్రోలు కుళాయి కట్టి, గిన్నెలోని పెట్రోలును డబ్బాలోకి వంపాలి. ఎయిర్ ఫిల్టరు విప్పిన తరువాత, గవర్నరు కడ్డీ, స్ప్రింగు ఏ రంధ్రాలలో ఉన్నాయో బొమ్మ గీసుకోవాలి. గవర్నరు ఇంజను వేగాన్ని అదుపులో ఉంచుతుంది. స్ప్రింగును తప్పు రంధ్రంలో తగిలిస్తే వేగం హద్దు మీరి ఇంజను పగలవచ్చు.

పాత, కొత్త కార్బురేటర్లను పక్కపక్కన పెట్టి గొట్టం వెడల్పు, బోల్టు రంధ్రాల దూరం సరిపోల్చాలి. పాత గాస్కెట్లను మళ్ళీ వాడరాదు. ఇంజనుకు, కార్బురేటరుకు మధ్య వేడిని ఆపే దిమ్మ ఉంటే దానికి రెండు వైపులా కొత్త గాస్కెట్లు వేయాలి. అక్కడ సందు మిగిలితే అదనపు గాలి చొరబడి, మిశ్రమంలో పెట్రోలు తగ్గి ఇంజను మితిమీరి వేడెక్కుతుంది. కడ్డీని, స్ప్రింగును తగిలించిన తరువాతే కార్బురేటరును లోపలికి జరపాలి. రెండు నట్లను ఒకదాని తరువాత ఒకటిగా, కొద్దికొద్దిగా బిగించాలి. బలం ఎక్కువైతే అల్యూమినియం వంగిపోతుంది.

తరువాత ఫిల్టరు బిగించి, కుళాయి తిప్పి, కొన్ని నిమిషాలు ఆగి చూడాలి. ఎక్కడా పెట్రోలు కారకపోతేనే ప్లగ్గు తొడుగు పెట్టాలి. చోక్ మూసి తాడు లాగి, ఇంజను వేడెక్కేకొద్దీ చోక్ తెరవాలి. నల్లని పొగ వస్తే పెట్రోలు ఎక్కువవుతున్నదని గ్రహించాలి. మూసిన గదిలో ఇంజను నడపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన ఉండవు. అది ప్రాణం తీస్తుంది.

పని ముగిశాక ఇంజనును చాలాకాలం వాడకపోతే పెట్రోలు పూర్తిగా తీసివేయాలి. ఈ చిన్న జాగ్రత్త పాటిస్తే కొత్త కార్బురేటరు ఎక్కువకాలం మన్నుతుంది.

ప్రశ్నలు
1. కార్బురేటరు గొట్టం నడుమ సన్నగా ఎందుకు ఉంటుంది?
2. పాత గాస్కెట్లు వాడితే ఏమవుతుంది?
3. మీ ఊరిలో వాడే ఒక యంత్రం గురించి పది వాక్యాలు రాయండి.